ఎత్తే బలం వేరు, ఆపే బలం వేరు

అటక మీద పాత రోకలి ఉంటే ఒకసారి కిందికి దించండి. సరిగ్గా నడిమికి పట్టుకుని ఒంటిచేత్తో ఎత్తితే ఏమంత బరువనిపించదు. మన అమ్మమ్మలు గంటలకొద్దీ దంచింది అలా పట్టుకునే. ఇప్పుడు అదే రోకలిని ఒక కొసన పట్టుకుని, పొన్ను ఉన్న కొస అవతలికి వచ్చేలా, నేలకు సమంగా చాపి ఉంచడానికి ప్రయత్నించండి. మణికట్టు వణుకుతుంది. ముంజేయి బిగుస్తుంది. మూడంకెలు లెక్కపెట్టేలోగా పొన్ను నేలకు వాలుతుంది. కాళ్లు మాత్రం దూరంగా పెట్టుకోండి, వేళ్ల మీద పడితే నలుగుతాయి.

రోకలి బరువు మారలేదు. కాటాలో వేస్తే రెండుసార్లూ ఒకటే చూపిస్తుంది. బరువుకూ పిడికిలికీ మధ్య దూరం మాత్రం మారింది. కాశీ అఖాడాల నుంచి ఇరాన్ వ్యాయామశాలలైన జూర్‌ఖానాల దాకా మల్లయోధులు తరాలుగా తిప్పుతూ వచ్చిన ముద్గరం ఈ దూరాన్నే నమ్ముకున్న సాధనం.

ముద్గరమంటే కిందంతా లావుగా, పిడి దగ్గర సన్నగా చెక్కిన దుడ్డుకర్ర. చూడ్డానికి సొరకాయను మెడ దగ్గర పట్టుకున్నట్టుంటుంది. ఉత్తరాదిన ముగ్దర్ అంటారు, జంటగా తిప్పే బరువైన వాటిని జోడీ అంటారు. తమిళనాట కర్లాకట్టై. ఇరాన్‌లో మీల్. మన తాలింఖానాల్లో లోడీలు. పొడవాటి వెదురు కర్ర చివర రాతిగుండు బిగిస్తే అది గద, ముద్గరానికి అన్న వరస.

నాకు వీటితో పరిచయం నలభై దాటాక కలిగింది. ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందు వంగి కూర్చున్న భుజాలు, పై అలమరలో డబ్బా అందుకోవాలన్నా మూలిగేవి. జిమ్‌లో డంబెల్స్ ఎత్తడం అలవాటే కాబట్టి, రెండు కిలోల ముద్గరం నన్నేం చేస్తుందనుకున్నాను. తాలింఖానాలో మొదటిరోజు అది నన్ను గిరగిరా తిప్పింది. నేను దాన్ని తిప్పలేకపోయాను. ఓ మూల నిలబడి చూస్తున్న ఉస్తాద్ దగ్గరికొచ్చి అన్నది రెండే ముక్కలు. "గుంజకు బిడ్డా. దాన్ని పోనియ్, పోయినంక మలుపు." ఆ మాట వెనక ఎంత భౌతికశాస్త్రం, ఎంత శరీరశాస్త్రం ఉందో తెలుసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది.

ముందు లెక్క చూద్దాం. భుజం నుంచి పిడికిలి దాకా 65 సెంటీమీటర్లనుకోండి. చేతిలో రెండు కిలోల డంబెల్ ఉంటే, చెయ్యి చాచినప్పుడు ఆ బరువు భుజానికి 65 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. మణికట్టు మీద మెలిపెట్టే భారం దాదాపు ఉండదు, ఎందుకంటే బరువు పిడికిట్లోనే ఉంది. అదే రెండు కిలోల ముద్గరమైతే దాని బరువు కేంద్రం పిడికిలికి ఇంకో 40 సెంటీమీటర్లు అవతల ఉంటుంది. అంటే భుజానికి 105 సెంటీమీటర్లు. భుజం మీద పడే తిప్పుడు భారం ఒకటిన్నర రెట్లకు పైనే పెరిగింది. కదుపుదామన్నా, కదిలేదాన్ని ఆపుదామన్నా తేడా ఇంకా ఎక్కువ. తిరిగే వస్తువు మొండితనం దూరం మీద కాకుండా దూరం వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి, అది రెండున్నర రెట్లకు మించుతుంది. ఇక మణికట్టు సంగతి చెప్పే పనే లేదు. అంతకుముందు ఖాళీగా ఉన్న ఆ కీలు మీద ఇప్పుడు మొత్తం మెలిక పడింది.

ఇది కదలకుండా నిలబెట్టినప్పటి లెక్క. తిప్పడం మొదలుపెడితే కథ మారుతుంది. చేలో పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పినవాళ్లకు ఈ సంగతి చేతికే తెలుసు. లోపలున్న రాయి చిన్నదే, కానీ జోరందుకున్నాక తాడు చేతిని బయటికి లాగేస్తుంది. గుండ్రంగా తిరిగేదాన్ని ఆ గుండ్రంలోనే ఉంచాలంటే లోపలికి లాగుతూనే ఉండాలి. మరి ముద్గరం ఎంత లాగుతుంది? పిడిని మేకుకు తగిలించినట్టు ఒకచోట ఉంచి, నిట్టనిలువుగా నిలబెట్టిన ముద్గరాన్ని దానంతటదే పడనిచ్చామనుకోండి. అది అర్ధవృత్తం తిరిగి అడుగుకు వచ్చేసరికి, పిడి మీద పడే లాగుడు దాని బరువుకు దాదాపు 5 రెట్లు. వేగం వల్ల 4 రెట్లు, సొంత బరువు ఇంకొకటి. ముద్గరం పొట్టిదైనా పొడుగుదైనా ఈ లెక్క మారదు. రెండు కిలోల కర్ర ఆ ఒక్క క్షణంలో పది కిలోల బరువై వేళ్లకు వేలాడుతుంది. మన చెయ్యి మేకులా బిగుసుకుని ఉండదు, మోచెయ్యీ భుజమూ కాస్త ఇస్తాయి కాబట్టి నిజంలో కొంత తగ్గుతుంది. తొందరపడి జోరుగా తోస్తే మాత్రం పెరుగుతుంది. మొదటిరోజే అయిదు కిలోలవి ఎత్తుకునే కుర్రాళ్లు ఈ ఒక్క లెక్క తెలుసుకుంటే ఎన్నో భుజాలు బాగుపడతాయి.

ఉస్తాద్ "గుంజకు" అన్నది ఇందుకే. పైనుంచి పడే ముద్గరానికి మనం ఇంకా జోరివ్వాల్సిన పని లేదు, భూమి ఇస్తుంది. వేలాడే ఏ వస్తువుకైనా ఊగడానికి సొంత లయ ఒకటుంటుంది. 40 సెంటీమీటర్ల లోలకం చిన్నగా ఊగితే, పోయి రావడానికి సెకనుంపావు పడుతుంది. కిలోదైనా పది కిలోలదైనా అంతే, బరువుతో పని లేదు. ఊయల ఊపే పిల్లలకు ఇది ఎవరూ చెప్పరు, అయినా తెలుసు. ఊయల వెనక్కొచ్చి ఆగిన క్షణంలో తోస్తే కొద్ది బలం చాలు, ఎదురొస్తున్నప్పుడు తోస్తే చెయ్యి బెణుకుతుంది. కొత్తగా నేర్చుకునేవాడు ముద్గరాన్ని దాని లయ కంటే ముందో వెనకో లాగుతూ ఉంటాడు. పది నిమిషాల్లో అలసిపోయేది అందుకే.

ఇక భుజం దగ్గరికి వద్దాం. నన్నడిగితే శరీరంలో ఇంత సాహసమైన కట్టడం ఇంకోటి లేదు. తుంటి కీలులో తొడ ఎముక గుండు లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో ఉన్నది గిన్నె కాదు, సాసరు. సాసరు మీద పెట్టిన పెద్ద నిమ్మకాయలా చేతి ఎముక గుండు ఆనుకుని ఉంటుంది. ఏ క్షణంలో చూసినా గుండులో మూడోవంతుకు మించి ఆ గుంటకు తగలదు. ఎటు కావాలంటే అటు చెయ్యి తిప్పగలగడానికి ప్రకృతి చెల్లించిన వెల అది. పైగా ఆ సాసరు కూడా ఒకచోట స్థిరంగా ఉండదు. అది రెక్క ఎముకలో భాగం, రెక్క ఎముక వీపు మీద జారుతూ ఉంటుంది. మొత్తం చేతిని మొండేనికి ఎముకతో ఎముకగా కలిపే కీలు ఒక్కటే, మెడ కింద జత్రువు ఎదురొమ్ము ఎముకను కలిసే చోటు. మిగతా అంతా కండరాల వేలాడదీత.

అటువంటి భుజాన్ని జారకుండా కాపాడేవి నాలుగు చిన్న కండరాలు: సుప్రాస్పినాటస్, ఇన్‌ఫ్రాస్పినాటస్, టెరెస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. నాలుగూ కలిసి రొటేటర్ కఫ్. చొక్కా లోంచి కనిపించే కండలు ఇవి కావు కాబట్టి అద్దం ముందు వ్యాయామం చేసేవాళ్లకు ఇవి గుర్తుకు రావు. చెయ్యి ఎటు కదిలినా గుండును సాసరు మధ్యలోకి అదిమి పట్టడం వీటి పని. ముద్గరం బయటికి లాగే ప్రతిసారీ వీటికి పిలుపు అందుతుంది. దిశ క్షణక్షణం మారుతూ ఉంటుంది కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి వంతులు మార్చుకుంటాయి. డంబెల్ లాగేది ఎప్పుడూ కిందికే. ముద్గరం కిందికి, పక్కకి, వెనక్కి లాగుతుంది. దాని విలువంతా అక్కడుంది.

చెయ్యి పక్క నుంచి పూర్తిగా పైకెత్తితే 180 డిగ్రీలు తిరుగుతుంది కదా, అందులో సుమారు 120 డిగ్రీలు భుజం కీలుది, 60 డిగ్రీలు రెక్క ఎముక జారడం వల్ల వచ్చేది. వంగి కూర్చునే ఉద్యోగాల్లో రెక్క ఎముక వీపుకు అతుక్కుపోయినట్టు బిగుస్తుంది. అప్పుడు ఆ లోటు భుజం కీలు మీద పడుతుంది, డబ్బా అందుకోబోతే మూలుగు వినిపిస్తుంది. ముద్గరాన్ని తల వెనక దించి తిప్పే కదలికలో మోచెయ్యి పైకి లేవాలి, రెక్క ఎముక జారాలి, వీపు పైభాగం నిటారు కావాలి. ఇందులో ఒక్కటి జరగకపోయినా ముద్గరం వీపుకు తగిలి చెబుతుంది. నాకు రెండు నెలలు చెప్పింది.

తల వెనక నుంచి ముందుకొచ్చిన ముద్గరాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి, లేదా మలపాలి. అసలు కష్టం ఆ క్షణంలో ఉంది. కండరం పొట్టిబడుతూ బరువెత్తడం మనకు తెలిసిన పని. సాగుతూ బరువును నిదానింపజేయడం రెండో పని. తిరుమల కొండ కాలినడకన ఎక్కిన రోజు ఆయాసం వస్తుంది, కానీ మెట్ల మీదుగా దిగివచ్చిన మర్నాడు తొడలు పట్టేస్తాయి. దిగేటప్పుడు తొడ కండరాలు అడుగడుగునా సాగుతూ ఒంటి బరువుకు బ్రేకు వేస్తాయి. ఇలా సాగుతూ పనిచేసే కండరం, ఎత్తగలిగిన దానికంటే ఎక్కువ బరువును నిభాయించగలదు, అదీ తక్కువ ప్రాణవాయువు ఖర్చుతో. అందుకే తెలియకుండానే మోతాదు మించిపోతాం. నొప్పి వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. ముద్గరం తిప్పిన సాయంత్రం హాయిగా ఉందని మర్నాడు రెట్టింపు తిప్పేవాళ్లు మూడోరోజు చొక్కా తొడుక్కోలేక అవస్థ పడతారు.

బయట బతుకులో భుజాలు దెబ్బతినేది ఎక్కువగా ఆపలేకపోయినప్పుడే. బస్సులో పట్టుకున్న కడ్డీ, సడన్ బ్రేకు, తూలిన ఒళ్లు. చేతిలోంచి జారిన బిందెను అందుకోబోవడం. కట్టుతాడు తెంపుకునే దూడ. వీటిలో బరువెత్తే పని ఎక్కడా లేదు. మనం బలం పేరుతో కొలిచేదీ, పోటీలు పెట్టేదీ మాత్రం ఎత్తడానికే. ఈ లోటు గురించి వ్యాయామ ఉపాధ్యాయులు ఇంకా గట్టిగా మాట్లాడాలని నా కోరిక.

నేర్చుకోవడం కండరాల కంటే ముందు మెదడులో మొదలవుతుంది. ఏ బరువు సాధనలోనైనా మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నాడీమండలం పుణ్యమే. ఉన్న కండర పోగుల్నే ఎక్కువగా, సమయానికి పిలవడం మెదడు నేర్చుకుంటుంది. కండ పెరగడం తర్వాతి మాట. ముద్గరం విషయంలో ఇది మరీ నిజం.

కదలికలు నేర్చుకోవడం మీద గొప్ప పని చేసినవాడు సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టీన్. 1920లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో ఆయన సుత్తి దెబ్బల్ని పరిశీలించాడు. పనివాళ్ల చేతులకు, సుత్తికి చిన్న బల్బులు కట్టి, వెలుగు గీతలు ఫోటో తీసేవాడు. ఆరితేరినవాడు ఉలి నెత్తిన కొట్టే ప్రతి దెబ్బా ఒకేలా ఉంటుందనుకుంటాం కదా. సుత్తి తల దాదాపు ఒకే దారిన పోయి సరైన చోటే పడుతోంది, నిజమే. కానీ భుజం, మోచెయ్యి, మణికట్టు మాత్రం ప్రతిసారీ కొద్దికొద్దిగా తేడాగా కదులుతున్నాయి. ఒక కీలు కాస్త ఎక్కువ తిరిగితే ఇంకో కీలు తగ్గించి సర్దుకుంటోంది. మెదడు కంఠతా పట్టింది ఫలితాన్ని. దారిని ప్రతిసారీ కొత్తగా వెతుక్కుంటోంది.

కొత్తవాళ్లు కీళ్లను బిగబట్టేస్తారని కూడా బెర్న్‌స్టీన్ చెప్పాడు. సైకిలు నేర్చుకునే పిల్లవాడు హ్యాండిల్ మీద కొయ్యలా బిగుసుకుపోవడం గుర్తు తెచ్చుకోండి. అన్ని కీళ్లనూ ఒకేసారి అదుపు చేయలేక మెదడు కొన్నింటికి తాళం వేస్తుంది. సాధన పెరిగేకొద్దీ ఒక్కో తాళం తీస్తుంది. నేను మొదటి నెల మణికట్టూ మోచెయ్యీ బిగించి భుజంతో తిప్పాను. ఓ రోజు ఉన్నట్టుండి మణికట్టు వదులైంది, ముద్గరం చెవి పక్క నుంచి చప్పుడు లేకుండా జారిపోయింది. ముందు రోజు వరకూ రానిది నిద్రపోయి లేచాక వచ్చింది. నేర్చుకున్న కదలికను మెదడు నిద్రలో కుదురుపరుచుకుంటుందని శాస్త్రం చెబుతుంది, కాబట్టి రోజూ కాసేపు చేసి ఆపేయడం, ఒక్కరోజే గంటసేపు కుస్తీ పట్టడం కంటే మేలు.

ఈ సాధనం చేసిన ప్రయాణం కూడా చెప్పుకోదగ్గది. ఈస్టిండియా కంపెనీ సైనికాధికారులు మన సిపాయిలు ముద్గరాలు తిప్పడం చూసి ముచ్చటపడి నేర్చుకున్నారు. 1834లో లండన్‌లో డొనాల్డ్ వాకర్ అచ్చువేసిన వ్యాయామ గ్రంథంలో వీటికి చోటు దక్కింది. సముద్రం దాటగానే 'ఇండియన్ క్లబ్స్' అయ్యాయి, బరువు తగ్గి సన్నబడ్డాయి. అమెరికాలో సైమన్ కెహో 1866లో వీటి మీదే ఒక పుస్తకం రాశాడు, తయారుచేసి అమ్మాడు కూడా. బళ్లలో, పటాలాల్లో వందలమంది ఒక్క తాళానికి తిప్పేవారు. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో ముద్గరాలు తిప్పడం ఒక పోటీ. ఎడ్వర్డ్ హెన్నిగ్ స్వర్ణం గెలిచాడు. మళ్లీ 1932 లాస్ ఏంజెలెస్‌లో పెట్టారు. అది మహా మాంద్యం కాలం. ఉద్యోగం లేని జార్జ్ రోత్ అక్కడ స్వర్ణం గెలిచి, స్టేడియం బయటికొచ్చి దారిన పోయే బండిని ఆపి ఎక్కి ఇల్లు చేరాడని ఒలింపిక్ చరిత్రలో చెబుతారు. ఆ తర్వాత ఒలింపిక్స్‌లో అది మళ్లీ రాలేదు. ఇవాళ రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో అమ్మాయిలు ఎగరేసి పట్టుకునే 150 గ్రాముల క్లబ్బులు ఆ వంశంలో మిగిలిన చివరి చిగురు.

ఇరాన్ తన మీల్‌ను అలా వదులుకోలేదు. జూర్‌ఖానా అంటే బలానికి ఇల్లు. ఎనిమిది పలకల గుంటలో పహిల్వాన్లు నిలబడి, పైన కూర్చున్న మోర్షెద్ అనే గురువు డోలు కొడుతూ పద్యాలు పాడుతుంటే ఆ లయకు తిప్పుతారు. 2010లో యునెస్కో దీన్ని మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. కాశీ అఖాడాల్లో నాగపంచమికి జోడీ పోటీలు ఇప్పటికీ జరుగుతాయి. మన ఊళ్ల తాలింఖానాలు చాలావరకు తాళాలు పడ్డాయి, లేదా ట్రెడ్‌మిల్ కొనుక్కుని జిమ్‌లయ్యాయి. మూలన పడ్డ లోడీల జత ఎక్కడైనా కనిపిస్తే పొయ్యిలో పెట్టకుండా ఎవరైనా అడిగి తీసుకోవాలి.

ముద్గరం అన్ని రోగాలకూ మందని చెప్పేవాళ్లను నమ్మకండి. తొడలకు, పిక్కలకు అది పెద్దగా చేసేదేమీ లేదు. పాతకాలం పహిల్వాన్లకు ఇది తెలుసు, అందుకే దండీలు, బస్కీలు తీయకుండా ముద్గరం ముట్టేవారు కాదు. పేరుమోసిన మల్లయోధుడు గామా పహిల్వాన్ బస్కీలకు వాడిన 95 కిలోల రాతి చక్రం పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. పట్టు మాత్రం ముద్గరంతో తప్పక పెరుగుతుంది. పిడికిలి పట్టు మొత్తం ఒంటి ఆరోగ్యానికి మంచి గుర్తు. భారత్ సహా 17 దేశాల్లో సుమారు 1,40,000 మందిని పరిశీలించి 2015లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణ ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. పట్టు పెంచుకుంటే చాలు ఆయుష్షు పెరుగుతుందని దీనర్థం కాదు. పట్టు తగ్గుతోందంటే ఒళ్లంతా నీరసిస్తోందని అర్థం.

నేర్చుకోదలచినవాళ్లకు నా అనుభవంలో తేలిన నాలుగు మాటలు. కండ బలం నెలల్లో పెరుగుతుంది, దాన్ని ఎముకకు కట్టే స్నాయువు అంతకంటే నెమ్మదిగా గట్టిపడుతుంది. కాబట్టి మొదటి రెండు మూడు నెలలు చేతికి కిలో దాటకండి, ఆడవాళ్లయినా మగవాళ్లయినా అరకిలోతో మొదలుపెట్టినా సిగ్గుపడాల్సిందేమీ లేదు. ముందు ఒక్క చేత్తో, ఒంటి పక్కన గడియారం లోలకంలా ఊపండి. అది దాని లయలో ఊగడం మొదలయ్యాక ముందు వృత్తం, అది కుదిరాకే తల వెనక వృత్తం. కుడిచేత్తో ఎన్నిసార్లో ఎడమచేత్తో అన్నిసార్లు, మొదలు మాత్రం రాని చేత్తో. ఊపిరి బిగబట్టకండి. నడుము వెనక్కి విరుచుకుపోతుంటే బరువు ఎక్కువైనట్టే. భుజం ఎప్పుడైనా జారి ఉన్నా, రాత్రిపూట భుజం నొప్పితో మెలకువ వస్తున్నా, ముందు డాక్టరుకు చూపించుకుని మొదలుపెట్టండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే పని చేయాలంటోంది. అందులో ఒక పావుగంట ముద్గరానికివ్వండి. చెమట చేతుల్ని తువ్వాలుతో తుడుచుకోండి, చుట్టుపక్కల పిల్లలెవరూ లేకుండా చూసుకోండి, సీలింగ్ ఫ్యాన్ కింద మాత్రం నిలబడకండి. డాబా మీదికి వెళ్లండి, అక్కడ చోటు చాలా ఉంటుంది.